మెట్ల కింద ఉన్నవి మినహా

కూతురు ‘లా’ చదవబోతోందని తెలిసిన రోజున ఆవిడ ఒంట్లో సగం సత్తువ పోయింది. హంతకుల తరఫున వాదించాల్సి వస్తుందేమో, ఓడిపోతే వాళ్ళే వచ్చి తలుపు కొడతారేమో, గెలిస్తే అవతలివాళ్ళు వచ్చి కొడతారేమో అని తలుపుకి ఇంకో గడియ పెట్టించింది. గడియ కొత్తదనం పోకముందే ఇంకో సంగతి బయటపడింది. పిల్ల చదివేది లాయరు చదువు కానే కాదట. డిగ్రీలో ‘చట్టమూ సమాజమూ’ అని ఒక సబ్జెక్టు ఉంటుందట, అది పట్టుకుందట. దాంతో మిగిలిన సగం సత్తువ కూడా పోయింది.

"అయితే లాయరువి అవవా?"

"అవనమ్మా."

"జడ్జీవి?"

"అమ్మా!"

"పోనీ కోర్టు బయట కూచుని టైపు కొట్టే ఉద్యోగమైనా ఇస్తారా?"

"చట్టం పుస్తకంలో ఒకలా ఉంటుందమ్మా. జనం మధ్యకొచ్చాక ఇంకోలా నడుస్తుంది. ఎందుకలా నడుస్తుందో చదువుతాం."

"అంటే డాక్టరువి అవకుండా రోగాల గురించి చదవడమన్నమాట."

"దాదాపు అంతే."

"మరి రోగం ఎవరికి తగ్గుతుందే?"

బూట్లు తుడుచుకుంటున్న తండ్రి తల ఎత్తకుండానే, "మనకి అంటుకోకపోతే అదే పదివేలు," అన్నాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్లు విని విని, ఇంట్లో ఎంత పెద్ద గొడవైనా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసే విద్య పట్టుబడింది ఆయనకు. ఆ విద్య ఆవిడకు లేదు. ఆవిడ చెవుల్లోంచి ఏదీ బయటకు పోదు. లోపలే కూచుని గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తుంది.

వాళ్ళుండేది లిఫ్టు లేని పాత అపార్టుమెంటులో, పై అంతస్తున. ఆవిడ పని మాత్రం కింద. మెట్లు మలుపు తిరిగేచోట, కిటికీ పక్కన, మెట్ల కింద ఒక మిషను పట్టేంత జాగా ఉంది. ఆవిడ ఎప్పుడో అక్కడ తొక్కుడు మిషను వేసుకుంది. ప్యాంట్లు పొట్టి చేయడం, నడుములు వదులు చేయడం, ఊడిన జిప్పులు మార్చడం, కర్టెన్లకు అంచులు కుట్టడం ఆవిడ పని. ఆఫీసుకు పోతూ పోతూ ఒకరు చొక్కా విసిరిపోతారు, వస్తూ వస్తూ ఇంకొకరు పట్టుకుపోతారు. పై అంతస్తుకెక్కి బొత్తాం కుట్టించుకునేంత ఓపిక ఉన్నవాళ్ళు లోకంలో లేరు. అంత ఓపికే ఉంటే బొత్తాం వాళ్ళే కుట్టుకుంటారు. కాబట్టి ఆ జాగా ఉంటేనే పని, పని ఉంటేనే పిల్ల చదువు. ఆ చదువు వల్ల ఎవరికి రోగం తగ్గుతుందన్నది వేరే సంగతి.

ఆ జాగా ఆవిడకు ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ వద్దనలేదు. మొదట్లో ఎవరైనా వద్దంటారేమోనని కొన్నేళ్ళు భయపడింది. తర్వాత ఎవరూ ఎందుకు వద్దనట్లేదా అని భయపడింది. మొత్తానికి మిషను మాత్రం ఆడుతూనే ఉంది.

కాలేజీలో ఒక మాస్టారు ఉన్నాడట, పుణ్యాత్ముడు. పిల్లలందరినీ కూచోబెట్టి, "మీరుండే చోట ఎక్కడా రాసిలేని నియమం ఒకటి పట్టుకోండి. దాన్ని ఎవరు పెట్టారో, ఎవరు పాటిస్తున్నారో, పాటించకపోతే ఏమవుతుందో ఇంటింటికీ వెళ్ళి అడిగి రండి. దానికి మార్కులుంటాయి," అని చెప్పాడట. ఊళ్ళో ఎన్ని వీధులు లేవు, ఎన్ని మార్కెట్లు లేవు! పోయి పోయి ఈ పిల్ల తన అపార్టుమెంటు మెట్లనే పట్టుకుంది.

ఇక చూడాలి వేడుక. ప్రతి తలుపూ తట్టడం, నవ్వుతూ ఒకే ప్రశ్న అడగడం. "మీ చెప్పుల స్టాండు మెట్ల మీద పెట్టుకోవచ్చని ఎవరు చెప్పారండీ?"

ప్రశ్న చూస్తే ఎంతో మర్యాదగా ఉంది. కానీ విన్నవాళ్ళందరూ ముందు తమ గుమ్మం బయట ఏమేం ఉన్నాయో చూసుకున్నారు. రెండో అంతస్తు డ్రిల్లు మాస్టారు మెట్ల రెయిలింగుకి గొలుసేసి కట్టుకునే సైకిలును ఆ సాయంత్రమే భుజాన వేసుకుని ఇంట్లోకి తీసుకుపోయాడు. మర్నాడు వంటింట్లోకి పోవాలంటే సైకిలెక్కి దిగాల్సి వస్తోందని భార్య పోరు పెడితే మళ్ళీ బయటకు తెచ్చాడు. మూడో అంతస్తు నర్సు తలుపు పూర్తిగా తెరవకుండా సందులోంచే, "మా మామగారి చక్రాల కుర్చీ బయట పెట్టడం తప్పా అమ్మాయ్? ఎవరైనా కంప్లయింటు ఇచ్చారా? ఎవరిచ్చారో నువ్వు చెప్పక్కర్లేదు, నాకు తెలుసు," అంది.

"కంప్లయింటు ఎవరూ ఇవ్వలేదాంటీ. నేను ఊరికే చదువుకోసం..."

"చదువుకోసమైతే పుస్తకం చదవాలి గానీ మా గుమ్మం చదవడమేంటమ్మా?"

ఇదంతా కింద మిషను దగ్గర కూచున్న తల్లికి వినబడుతూనే ఉంది. నడుస్తున్న సూది ఆగిపోయింది. ఇవాళ చెప్పుల స్టాండు, రేపు చక్రాల కుర్చీ, ఎల్లుండి? ఎల్లుండి ఎవరో ఒకరు మెట్ల కిందికి వేలు చూపించి, "మరి మీ అమ్మ మిషనో?" అనకమానరు. కన్న కూతురే దారి చూపించి మరీ తీసుకొస్తోంది ఆ వేలిని.

"ఆపవే తల్లీ, నీకు పుణ్యముంటుంది. నీకు మార్కులే కావాలంటే నేనొచ్చి మీ మాస్టారిని బతిమాలుకుంటాను. ఆయన ప్యాంట్లన్నీ ఊరికే కుట్టిపెడతాను," అంది ఆ సాయంత్రం.

"అడిగితే ఏమవుతుందమ్మా? ఇదివరకు లేని రూలు నేనడిగితే పుట్టుకొస్తుందా?" అని నవ్వింది పిల్ల.

అంత చదువుకున్న పిల్లకు ఆ మాత్రం తెలియకపోవడం చూసి తల్లికి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి ఒక నిర్ణయానికొచ్చింది. ఎవరో వేలు చూపించేదాకా ఎందుకు, తనే ముందుగా వెళ్ళి అసోసియేషన్ సెక్రటరీగారిని ఒక మాట అడిగేసుకుంటే పోతుంది. ముందు జాగ్రత్త. ఆవిడ జీవితంలో జరిగిన నష్టాలన్నీ ఈ ముందు జాగ్రత్త వల్లనే జరిగాయని భర్త అంటూ ఉంటాడు. కానీ ఆయన మాట వినకపోవడం కూడా ముందు జాగ్రత్తలో భాగమే.

సెక్రటరీగారు ఒక పెద్ద ఆఫీసులో హెడ్‌క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. ఫైళ్ళ మధ్య ఏళ్ళ తరబడి నడిచిన కలం ఆయనది, ఇప్పుడు దానికి మేత లేదు. నీళ్ళ ట్యాంకు కడిగే రోజున నోటీసు రాయడమొక్కటే మిగిలింది. ‘రేపు నీళ్ళు రావు’ అనే ముక్కని ఆయన పేజీ నిండా రాసేవాడు. దాన్ని చదివి అర్థం చేసుకునేలోపు నీళ్ళు వచ్చేసేవి.

ఆవిడ వెళ్ళేసరికి ఆయన గుమ్మం బయట మెట్ల మీద వరసగా పేర్చిన పూలకుండీలకు నీళ్ళు పోస్తున్నాడు.

"రామ్మా, రా. నా ప్యాంటు అయిందా? నడుం విప్పమన్నది?"

"రేపిస్తానన్నయ్యగారూ. అది కాదు... మెట్ల కింద నా మిషను ఉంది కదా. దానికి మీ పర్మిషను అడుగుదామని..."

సెక్రటరీగారి చేతిలో చెంబు వంగినది వంగినట్టే ఆగిపోయింది.

"పర్మిషనా? అంటే ఇన్నాళ్ళూ పర్మిషను లేకుండానే ఉందా అది?"

ఇన్నాళ్ళూ రోజుకు నాలుగుసార్లు ఆ మిషను పక్కనుంచే ఎక్కి దిగిన మనిషి, ఆ మిషను మీదే తన బట్టలన్నీ వదులు చేయించుకున్న మనిషి, ఇప్పుడు దాన్ని మొదటిసారి చూసినట్టు కళ్ళు పెద్దవి చేశాడు.

"అబ్బే, మీరు అంతగా... ఊరికే అడిగాను. ఇవ్వకపోయినా ఫరవాలేదు. అంటే, అడగలేదనుకోండి."

"అడిగారుగా! అడిగాక అడగలేదనుకోవడం ఎలా కుదురుతుందమ్మా? పర్మిషను ఇవ్వాలంటే రూలుండాలి. రూలు లేదు. కాబట్టి ముందు రూలు రాయాలి." ఆయన ముఖం వెలిగిపోయింది. కలానికి మేత దొరికింది. "ఆదివారం పొద్దున మేడ మీద మీటింగు పెడతాను. అందరూ రావాలి."

ఇంటికొచ్చి చెబితే పిల్ల నెత్తి పట్టుకుంది. "అమ్మా! పర్మిషను అడిగావంటే పర్మిషను కావాలని నువ్వే ఒప్పుకున్నట్టు కదా!"

"నువ్వు ఇంటింటికీ తిరిగి తేనెతుట్టె కదిపి, ఇప్పుడు నన్నంటావేం?"

"నేను కదిపాను. కానీ అందులో చెయ్యి పెట్టమన్నానా?"

"ఆ తుట్టె కిందే నా మిషను ఉందే!"

భర్త అన్నం కలుపుకుంటూ, "ఇద్దరూ చెరో పక్కనుంచి తవ్వారు. మధ్యలో గొయ్యి పడింది. ఇంకెందుకు పోట్లాట," అన్నాడు.

ఆదివారం మీటింగు అనగా శనివారం సాయంత్రం ఆవిడకు ఇంకో ముందు జాగ్రత్త తోచింది. అందరి ముందూ "తీసేయండి" అనిపించుకుని తలవంచుకుని తీయడంకన్నా, మనమే ముందు తీసేస్తే మర్యాదగా ఉంటుంది. మంచితనం చూసి జాలిపడి, ‘అయ్యో, ఎందుకు తీశావమ్మా, మళ్ళీ పెట్టుకో’ అన్నా అంటారు. పిల్ల ట్యూషన్లు చెప్పి ఇంటికొచ్చేసరికి మిషను పైకొచ్చి ముందు గదిలో ఉంది, తండ్రి నేల మీద వెల్లకిలా పడుకుని నడుం పట్టుకుని ఉన్నాడు.

"నాన్నా, మీరైనా వద్దనలేదా?"

"మీ అమ్మ భయపడుతున్నప్పుడు ఎదురు చెప్పడంకన్నా ఇనుము మొయ్యడమే తేలికమ్మా."

ఆదివారం పొద్దున మేడ మీద కుర్చీలు వేశారు. సెక్రటరీగారు ఇస్త్రీ మడతతో వచ్చి, తెల్లకాగితాల అట్ట ఒళ్ళో పెట్టుకుని, "ఉమ్మడి స్థలం ఉమ్మడిదే. అక్కడ ఎవరి సొంత వస్తువూ ఉండకూడదు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నియమాలంటే అందరికీ ప్రాణం. ఎదుటివాళ్ళ కోసమైతే మరీను.

చప్పట్లు ఆగాక నర్సు లేచింది. "రూలు బాగుందండీ. మా మామగారి కుర్చీకి మాత్రం అది వర్తించదుగా?"

"వర్తించదమ్మా, ముసలాయన పాపం."

"మరి నా సైకిలు?" అన్నాడు డ్రిల్లు మాస్టారు. "ఆరోగ్యానికి సంబంధించిందండీ అది. దేశానికి పిల్లల్ని తయారుచేసే కాళ్ళు ఇవి!"

"సరే, సైకిలు కూడా."

చెప్పుల స్టాండ్లు లేచాయి. గొడుగులు లేచాయి. పాత మంచం ఒకటి లేచింది. చివరికి వెనక వరస నుంచి సెక్రటరీగారి భార్య గొంతు లేచింది. "ఏమండోయ్, మన పూలకుండీలు ఎక్కడ పెట్టుకోమంటారు? మీ నెత్తి మీదా?"

సెక్రటరీగారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. కాసేపు ఆకాశం కేసి చూశాడు. హెడ్‌క్లర్కు బుర్ర కాబట్టి ఊరికే పోలేదు. "ఉమ్మడి స్థలములయందు ఎట్టి వస్తువునూ ఉంచరాదు, ప్రస్తుతము అక్కడ ఉన్నవి మినహా!" అన్నాడు.

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. ఎవరి వస్తువూ కదలక్కర్లేదు, పైగా రూలు కూడా ఉంటుంది. ఇంతకన్నా గొప్ప చట్టం ఏ దేశం చేసుకోగలదు?

తల్లి మాత్రం చప్పట్లు సగంలో ఆపేసింది. ప్రస్తుతం అక్కడ అందరివీ ఉన్నాయి. లేనిది ఒక్క తన మిషనే. చేతులారా, భర్త నడుము విరగ్గొట్టించి మరీ తీసేసుకుంది.

నర్సుకే ముందు తట్టింది. "అయ్యో, మరి అక్క మిషనో?"

"ప్రస్తుతం అక్కడ లేదు కదమ్మా," అన్నాడు సెక్రటరీగారు ఎంతో సానుభూతిగా. "ఆవిడే పెద్దమనసుతో తీసేసుకున్నారు. అలాంటి మనుషులుండాలి."

"పాపం," అన్నారు నలుగురూ. ఆవిడ అనుకున్నట్టే జాలిపడ్డారు. పడి, అక్కడితో ఆగారు. "మళ్ళీ పెట్టుకో" అనేది ఎవరి నోటా రాలేదు.

అంతదాకా గోడకానుకుని ఊరుకున్న పిల్ల చెయ్యెత్తింది. తల్లికి ప్రాణం పోయినంత పనైంది. ఇంకేం కదుపుతుందో, ఉన్న ఇల్లు కూడా ఖాళీ చేయిస్తుందో ఏమో!

"అంకుల్, చిన్న సందేహం. ప్రస్తుతం అంటే ఎప్పట్నుంచి? నిన్నా? ఇవాళా?"

సెక్రటరీగారు మురిసిపోయాడు. ఇన్నేళ్ళ మీటింగుల్లో ఆయన్ని పనికొచ్చే ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. "భేష్! చదువుకున్న పిల్ల అనిపించావు. తీర్మానం పూర్తిగా రాసి, చదివి వినిపించి, నేను సంతకం పెట్టిన క్షణం నుంచి."

"ఇంకా రాయలేదు కదండీ?"

"ఇదిగో, మొదలుపెడుతున్నా."

పిల్ల తండ్రి కేసి చూసింది. హారన్లకు కూడా ఉలకని మనిషి, ఆ చూపుకి ఉలిక్కిపడి లేచాడు. "నడుం పట్టేసింది. కాస్త కిందికెళ్ళి నడిచొస్తా," అన్నాడు. డ్రిల్లు మాస్టారికి తన స్కూలు పిల్లల జెర్సీలు గుర్తొచ్చాయి. అవన్నీ వెనక అంకెలు కుట్టకుండా ఆవిడ దగ్గరే ఉన్నాయి, ఆటల పోటీలు ముంచుకొస్తున్నాయి. "నాకూ నడుమే," అని లేచాడు. నర్సు, "వీళ్ళ నడుములు చూడ్డానికి ఒక నర్సు ఉండొద్దూ?" అంటూ వాళ్ళ వెనకే దిగింది.

సంగతి అర్థమైన మరుక్షణం తల్లికి భయాలన్నీ ఒక్కసారి దండెత్తి వచ్చాయి. మెట్ల మీద మిషను జారితే? ఆయన నడుం పూర్తిగా పోతే? మాస్టారి కాలి మీద పడితే? వాళ్ళు సగం మెట్ల మీదుండగానే ఈయన సంతకం పెట్టేస్తే? కింద ఎక్కడో ఇనుము రాతికి గీసుకున్న చప్పుడు గర్రుమని వినబడింది. సెక్రటరీగారి కలం ఆగింది. చెవి అటు తిరిగింది.

"అన్నయ్యగారూ!" అని కేక పెట్టింది ఆవిడ. ఏం అడగాలో తెలియదు. నోటికొచ్చింది అడిగేసింది. "నిప్పంటుకుంటేనో?"

"నిప్పా?"

"అంటే, మెట్ల మీద సామానుంది కదా. ఉన్నట్టుండి నిప్పంటుకుంటే జనం ఎలా దిగుతారు? గొడుగు తగిలి ఒకరు పడతారు. పడ్డవాళ్ళ మీద ఇంకొకరు పడతారు."

సెక్రటరీగారు చెయ్యి గడ్డం కింద పెట్టుకున్నాడు. "నిజమే సుమా. ‘అగ్నిప్రమాద సందర్భమున’ అని ఒక నిబంధన చేరుద్దాం." కలం కదిలింది.

"భూకంపం వస్తేనో? కుండీలు దొర్లి కింద ఎవరి నెత్తినో పడితే? ఆ ఎవరో మనవాళ్ళు కాకుండా దారిన పోయేవాళ్ళైతే? వాళ్ళు కేసు పెడితే?"

ఇందులో నటన ఏమీ లేదు. ఇవన్నీ ఆవిడ లోపల ఏనాడో సిద్ధంగా ఉన్నవే. అడిగినవాళ్ళు లేక ఆగి ఉన్నాయంతే. సైకిలు గొలుసు తుప్పుపట్టి తెగితే? చక్రాల కుర్చీ దానంతట అదే దొర్లుకుంటూ పోతే? చెప్పుల స్టాండులో తేలు దూరితే? తేలు కుట్టినవాడు కుట్టింది తన చెప్పుల్లోనా పక్కింటివాళ్ళ చెప్పుల్లోనా అని తగువొస్తే? ఒక్కొక్క భయానికి ఒక్కొక్క నిబంధన పుట్టింది. కాగితం తిరగేశాడు సెక్రటరీగారు. ఇంకో కాగితం తీశాడు. భర్త ఇన్నేళ్ళుగా విసుక్కున్న భయాలని ఒక పెద్దమనిషి ఇంత శ్రద్ధగా, ఒక్కటీ వదలకుండా రాసుకోవడం ఆవిడకు అదే మొదలు. ఎండ నడినెత్తికొచ్చింది. జనం కొంగులూ తువ్వాళ్ళూ తలల మీద కప్పుకున్నారు. సెక్రటరీగారి భార్య కునుకు తీసి లేచింది.

చివరికి మెట్లలోంచి నర్సు తల కనబడింది. జుట్టంతా చెదిరిపోయి ఉంది. తల ఊపింది.

"ఇంకేమైనా ఉన్నాయామ్మా?" అన్నాడు సెక్రటరీగారు ఆశగా.

"ఇంక లేవండి," అంది ఆవిడ. అబద్ధమాడినందుకు కూడా భయమేసింది.

ఆయన మొత్తం చదివి వినిపించి, సంతకం పెట్టి, కింద గీత కూడా గీశాడు. అందరూ ఆకలితో పరుగున మెట్లు దిగారు. దిగి, మలుపు దగ్గర ఆగారు. కిటికీ పక్కన, ఎప్పటి చోటనే, మిషను ఉంది. దాని పక్క మెట్టు మీద తండ్రి, డ్రిల్లు మాస్టారు, చెమటలు కక్కుతూ, చెరో నడుమూ పట్టుకుని కూచుని ఉన్నారు.

సెక్రటరీగారు మిషను కేసి చూశాడు. పిల్ల కేసి చూశాడు. చేతిలోని కాగితాల కేసి చూశాడు. దాన్ని తీయించాలంటే మళ్ళీ మొదటినుంచి రాయాలి మరి, ఆ నిబంధనలన్నీ, ఆ తేలుతో సహా. తన రాతలో అంతకన్నా అందమైనది ఇంతవరకు లేదు.

"ప్రస్తుతం అక్కడ ఉంది," అన్నాడు చివరికి. గొంతు సవరించుకుని, "నా ప్యాంటు రేపైనా ఇస్తారా అమ్మా?" అన్నాడు.

పిల్ల ఇదంతా రాసి కాలేజీలో ఇచ్చింది. పరిశీలించమంటే వెళ్ళి వేలు పెట్టావని మాస్టారు మార్కులు కోశాడట. "చూశావా, నా వల్లే," అని తల్లి రెండ్రోజులు సరిగ్గా తినలేదు. మార్కులు పోతే ఉద్యోగం రాదు, ఉద్యోగం రాకపోతే ఎలా అని మూడో రోజు కూడా తినబోయేది కాదు గానీ, అప్పటికి ఇంకో దిగులు పట్టుకుంది.

మిషను కిందకు తెచ్చిన హడావిడిలో మగాళ్ళిద్దరూ దాన్ని కాస్త వంకరగా దింపారు. కిటికీ వెలుతురు సూది మీద పడకుండా పక్కన నేల మీద పడుతోంది. ఆవిడ మెడ సాచి, కళ్ళు చికిలించి, నల్ల ప్యాంటుకి నల్ల దారం వేస్తోంది. పొద్దున ఊడ్చేటప్పుడు కూడా మిషను కాళ్ళకు చీపురు తగలకుండా చుట్టూ ఊడుస్తోంది.

కాలేజీకి పోతూ పిల్ల ఆగింది. "ఆ చీకట్లో ఎందుకమ్మా? కాస్త ఇటు జరుపుకో."

"ష్! ‘ఉన్నవి ఉన్నచోటనే ఉండవలెను’ అని రాశాడే. మూడో పేజీలో. భూకంపం తర్వాత."

"జరుపుకోవచ్చమ్మా. ఏం కాదు."

"నువ్వు లాయరువా?"

"కాదు."

"అయితే నోరు మూసుకుని కాలేజీకి పో," అంది తల్లి, సూదిలోకి దారం గుడ్డిగా గుచ్చుతూ.